ఏ రంధ్రం ఏ బ్యారెల్‌ది

నా రైఫిల్‌లో ఏ లోపమూ లేదు. ఈ మాట ఒప్పుకోవడానికి నాకు చాలా కాలం పట్టింది. ఆలోగా డబ్బు పోయింది, పెట్టెల కొద్దీ తూటాలు పోయాయి. వాటి గురించి నాకు చింత లేదు. కానీ ఒక అడవిపంది నా తూటా తగిలి, ప్రాణం పోక, పొదల్లోకి వెళ్ళిపోయింది. నా తెలివితక్కువతనానికి అది బలైంది. అందుకే ఇది రాస్తున్నాను.

మాది కడప జిల్లా, బద్వేలు ప్రాంతం. లంకమల కొండల కింద మా వేరుశనగ చేలు. పందుల బెడద ఉండేది కాబట్టి మా జేజినాయన లైసెన్సు తీసుకుని పన్నెండు బోరు జంట గొట్టాల తుపాకి పెట్టుకున్నాడు. ఎన్నికలొస్తే దాన్ని పోలీసు స్టేషన్‌లో అప్పజెప్పి రసీదు తెచ్చుకునేవాడు, ఎన్నికలు అయిపోయాక మళ్ళీ విడిపించుకునేవాడు. దాన్ని మడిచి, గొట్టాలు తుడిచి, నూనె పూసి, వాటిలోంచి వెలుతురుకేసి చూడడం నా పని. ఆ పని చేసినందుకే నాకు తుపాకులు తెలుసనుకున్నాను. తర్వాత చేసిన తప్పులన్నిటికీ మూలం ఈ నమ్మకమే.

ఉద్యోగం కోసం వచ్చి టెక్సస్‌లో స్థిరపడ్డాను. ఇక్కడి బీళ్ళలో పెరిగే మెస్కీట్ మన సర్కారు తుమ్మకు దాయాది చెట్టు. దాని కింద అదే నాగజెముడు, అదే ఎర్రమన్ను, చేలు తవ్వి పోసే అడవిపందులు కూడా లక్షల్లో ఉన్నాయి. పంటనష్టం ఎంత పెరిగిందంటే, ప్రైవేటు భూమిలో యజమాని అనుమతి ఉంటే వాటి వేటకు లైసెన్సే అక్కర్లేదని 2019 సెప్టెంబరు నుంచి రాష్ట్రం చట్టం మార్చింది. తెలిసిన ఒక రాంచ్ యజమాని వచ్చి కాల్చుకోమన్నాడు. నాకు రెండు బ్యారెళ్ళ రైఫిలే కావాలనిపించింది. చిన్నప్పుడు చదివిన కుమావూ పులుల కథలు, జిమ్ కార్బెట్ చేతిలోని .450/400 జంట రైఫిల్ మనసులో ఉండిపోయాయి. రెండు బ్యారెళ్ళు, రెండు ట్రిగ్గర్లు, లోపల విడివిడిగా రెండు యంత్రాలు. ఒకటి మొరాయించినా రెండోది పేలుతుంది. మొదటి దెబ్బ తప్పితే, లీవర్ లాగే పని లేకుండా వేలు జరిపితే రెండో దెబ్బ. ఆ ఏర్పాటు మీద నాకున్న ప్రేమ ఇప్పటికీ తగ్గలేదు.

లండన్‌లో చేతితో చేసిన కొత్త జంట రైఫిల్ కొనాలంటే లక్ష డాలర్లు దాటుతుంది. నేను కొన్నది రష్యాలోని ఇజెవ్స్క్‌లో తయారైంది, వాడిన సరుకు, .45-70 తూటా వాడేది, ధర రెండు వేల డాలర్లలోపు. దానితో రావలసిన చిన్న పుస్తకం రాలేదు. అడిగి తెప్పించుకోవచ్చు. జంట గొట్టాల తుపాకి నాకు తెలియనిదా అనుకుని అడగలేదు.

జేజినాయన తుపాకికీ దీనికీ పోలిక బయటి ఆకారం వరకే. పన్నెండు బోరులోంచి గుళ్ళు గుంపుగా వెళ్ళి విచ్చుకుంటాయి. రెండు గొట్టాల గుళ్ళూ ఒకే చోట పడకపోయినా, ఆ దూరంలో ఆ తేడా ఎవరికీ తెలియదు. రైఫిల్‌లోంచి వెళ్ళేది ఒక్క బుల్లెట్. రెండు బ్యారెళ్ళూ పక్కపక్కన ఉండి, ఒకే గురితో, ఒకే చోట కొట్టాలి. కుడి బ్యారెల్ పేల్చగానే, బుల్లెట్ ఇంకా లోపల ఉండగానే, తుపాకి పైకీ కుడికీ తిరగడం మొదలుపెడుతుంది. ఎడమది పేలిస్తే పైకీ ఎడమకీ. అందుకని బ్యారెళ్ళను సమాంతరంగా కూర్చరు. మూతుల దగ్గర కొద్దిగా లోపలికి చూసేలా కూరుస్తారు. పేలుడు అదురుకి తుపాకి ఎంత తిరుగుతుందో ఆ లోపలి వంపు అంతకు సరిపోవాలి. అప్పుడే రెండు దెబ్బలూ ఒక చోట పడతాయి.

ఆ సరిపోవడం లెక్క వేస్తే వచ్చేది కాదు, కాల్చి చూసి సాధించేది. లండన్ పనివాడు మూతుల మధ్య సన్నని చీల పెట్టి, బ్యారెళ్ళను టంకంతో అతికి, కాల్చి చూస్తాడు. దెబ్బలు కలవకపోతే టంకం కరిగించి, చీల జరిపి, మళ్ళీ అతికి, మళ్ళీ కాలుస్తాడు. ఇదంతా ఒకే ఒక్క రకం తూటాతో చేస్తాడు, ఆ తూటా ఏమిటో బ్యారెల్ మీద చెక్కుతారు. పాత .470 రైఫిళ్ళ మీద 75-500 అని ఉంటుంది. 75 గ్రెయిన్ల బరువున్న కార్డైట్ మందు, 500 గ్రెయిన్ల బరువున్న బుల్లెట్ అని అర్థం. వేరే తూటా పెడితే ఆ కూర్పు పనికిరాదని ఆ అంకెలు హెచ్చరిస్తున్నాయి.

నా రైఫిల్‌లో టంకం స్థానంలో, మూతుల దగ్గర బ్యారెళ్ళ మధ్య దూరాన్ని సవరించుకునే మర ఉంది. దాన్ని చూసి, ఎంత సౌకర్యమో అనుకున్నాను. ఆ మర ఉన్నది నేను తిప్పడానికే. లండన్ పనివాడు రోజుల తరబడి చేసే పనిని కొన్నవాడి మీదకు నెట్టారు కాబట్టే ధర తగ్గింది. నేను తగ్గిన ధర తీసుకున్నాను, పని తీసుకోలేదు.

నేను చేసిందేమిటంటే, ఏ తూటా చవగ్గా దొరికితే ఆ తూటా కొన్నాను. .45-70 అనేది అమెరికన్ సైన్యం 1873లో తీసుకున్న తూటా. అప్పటి పాత తుపాకులు తట్టుకునేలా 405 గ్రెయిన్ల బుల్లెట్‌తో సెకనుకు సుమారు 1,330 అడుగుల వేగంతో వెళ్ళే తూటాలు ఇప్పటికీ అమ్ముతారు. 300 గ్రెయిన్ల బుల్లెట్‌తో 1,800 అడుగులు వెళ్ళేవీ ఉన్నాయి. బలమైన కొత్త తుపాకుల్లోనే వాడాలని పెట్టె మీద హెచ్చరిక ముద్రించినవీ ఉన్నాయి. తూటా పేరూ, కొలతా ఒకటే. ఇవన్నీ ఒకే సంచిలో పోసి రేంజికి పట్టుకెళ్ళాను. ఆ హెచ్చరిక చదవకుండానే కాల్చాను. ఏమీ కాలేదంటే అది నా అదృష్టం.

వేగంగా వెళ్ళే బుల్లెట్ తుపాకి తగినంత తిరగకముందే బయటపడుతుంది, కాబట్టి దెబ్బలు ఒకదాన్నొకటి దాటుకుంటాయి. కుడి బ్యారెల్ దెబ్బ ఎడమన, ఎడమ బ్యారెల్ దెబ్బ కుడిన పడతాయి. నెమ్మదిగా వెళ్ళే బుల్లెట్ బయటకు వచ్చేసరికి తుపాకి ఎక్కువ తిరిగి ఉంటుంది, కాబట్టి దెబ్బలు విడిపోతాయి. నేను రెండు రకాలూ కలిపి కాల్చాను. పైగా ముందు చెక్కను గట్టి ఇసుక సంచి మీద నేరుగా ఆనించాను. చేతిలో కదిలినట్టు తుపాకి అక్కడ కదలదు. 50 గజాల దూరంలోని కాగితం మీద రంధ్రాలు జానెడు దూరంలో పడ్డాయి. మర తిప్పాను. మరో పెట్టె విప్పాను, మరోలా పడ్డాయి. వెనక్కి తిప్పాను. మధ్యలో రైఫిల్ మీద బిగించిన స్కోప్ గుండీలు తిప్పాను. పెద్ద తూటాల తన్నుకి స్కోప్ బిగింపు స్క్రూలు వదులైపోయాయని గమనించకుండా ఇదంతా చేశాను. నా కాళ్ళ కింద కదలని నేల అంటూ లేకుండా చేసుకుని, రైఫిల్ పాడు సరుకని అందరికీ చెప్పాను.

ఒకరోజు ముందు ట్రిగ్గర్ నొక్కితే రెండు బ్యారెళ్ళూ ఒకేసారి పేలాయి. భుజం కమిలిపోయింది, స్కోప్ అంచు కనుబొమ్మను చీల్చింది. లోపలి యంత్రం అరిగిపోయిందని తుపాకుల మెకానిక్ దగ్గరకు తీసుకెళ్ళాను. ఆయన విప్పి చూసి, ఖాళీ తూటాలతో ఎన్నోసార్లు పరీక్షించి, అంతా బాగుందన్నాడు. వెనక ట్రిగ్గర్ ముందు నొక్కి చూడమన్నాడు. అలా కాల్చినప్పుడు రెండోది ఎప్పుడూ పేలలేదు. సంగతి ఏమిటంటే, తుపాకి వెనక్కి తన్నినప్పుడు వదులుగా పట్టుకున్న నా చెయ్యి జారి, ముందు ట్రిగ్గర్ మీది వేలు వెనక ట్రిగ్గర్‌ను తాకుతోంది. వేలు కదిలినట్టు నాకు తెలియనైనా తెలియలేదు. అప్పుడైనా నన్ను నేను అనుమానించాల్సింది. పట్టు బిగించి, ఆ ఒక్కటీ సరిచేసుకుని, మిగిలిన నింద రైఫిల్ మీదే ఉంచాను.

ఆ స్థితిలోనే వేటకు వెళ్ళాను. పంది పెద్ద జంతువు, దూరం అరవై గజాలే, జానెడు తేడా ఏం చేస్తుందిలే అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. పొద్దు వాలాక మెస్కీట్ చెట్ల అంచున ఒక మగపంది వచ్చింది. భుజం వెనక గురిపెట్టి ముందు ట్రిగ్గర్ నొక్కాను. పంది ముందుకు ఉలిక్కిపడి, వీపు వంచి పరుగెత్తింది. వెంటనే రెండోది కాల్చాను. దాని ముందు మట్టి లేచింది. ఏ రెండో దెబ్బ కోసం ఈ రైఫిల్ కొన్నానో ఆ దెబ్బ ఎక్కడ పడుతుందో నాకు తెలియదు.

రాంచ్ యజమాని, నేను టార్చిలైట్లు పట్టుకుని వెతికాం. నాగజెముడు మట్ట మీద నెత్తురు కనిపించింది. అందులో ఆకుపచ్చటి పీచు కలిసి ఉంది, వాసన వేస్తోంది. దాని అర్థం ఆయన చెప్పాల్సిన పని లేకపోయింది. గుండెకూ ఊపిరితిత్తులకూ తగలాల్సింది పొట్టలో తగిలింది. అలా తగిలిన జంతువు వెంటనే చావదు. గంటల తరబడి బాధపడి చస్తుంది. నెత్తురు చుక్కలు ఒక వాగు దాకా వెళ్ళి ఆగిపోయాయి. మర్నాడు పొద్దున్న కూడా వెతికాం. దొరకలేదు. పంటను పాడుచేసే జంతువు కదా అని ఇప్పటికీ కొందరు నాకు ఓదార్పుగా చెబుతారు. దాన్ని చంపే అనుమతి నాకుంది, హింసించే హక్కు లేదు.

రైఫిల్ అమ్మేద్దామనుకున్నాను. కొంటావా అని ఆఫీసులో తెలిసిన కరీంనగర్ కుర్రాణ్ణి అడిగాను. అతను ఇక్కడే తుపాకి కాల్చడం పద్ధతిగా నేర్చుకున్నవాడు. నేను దాచిన టార్గెట్ కాగితాలు చూస్తానన్నాడు. బల్ల మీద పరిచి చాలాసేపు చూశాడు.

“అన్నా, గిన్ని రంధ్రాలున్నయ్ గదా, ఇండ్ల కుడి బ్యారెల్‌దేది, ఎడమదేది?”

“తెలీదు” అన్నాను.

“మరి స్క్రూ ఎటు తిప్పాల్నో నీకెట్ల తెలిసిందే?”

జవాబు లేదు. జానెడు దూరంలో రెండు రంధ్రాలుంటే, దెబ్బలు దాటుకున్నాయో విడిపోయాయో కాగితం చూసి చెప్పలేం. ఏ రంధ్రం ఏ బ్యారెల్‌దో తెలిస్తేనే చెప్పగలం. దాటుకుంటే మూతులు దూరం జరగాలి, విడిపోతే దగ్గర కావాలి. రెండూ పూర్తిగా వ్యతిరేకమైన చికిత్సలు. నేను మర తిప్పిన ప్రతిసారీ గుడ్డిగా తిప్పాను.

ఆ తర్వాత అతనూ నేనూ కలిసి మొదటి నుంచి మొదలుపెట్టాం. స్కోప్ స్క్రూలన్నీ విప్పి, జిగురు వేసి, కొలిచి బిగించాం. 405 గ్రెయిన్ల నెమ్మది తూటా ఒక్కటే, ఒకే తయారీ పెట్టెలు. ముందు చెక్కను నా అరచేతిలో పట్టుకుని, చేతిని ఇసుక సంచి మీద ఆనించాను. కుడి, వెంటనే ఎడమ, వేటలో కాల్చే లయలోనే. జత కాల్చాక బ్యారెల్ చేతికి చల్లగా తగిలేదాకా ఆగడం. వెనక నుంచి దుర్భిణితో చూస్తూ అతను “కుడి ఇక్కడ, ఎడమ అక్కడ” అని చెప్పేవాడు. కుడి బ్యారెల్ రంధ్రం చుట్టూ ఎర్ర సిరా, ఎడమదాని చుట్టూ నీలం. ఎర్రవన్నీ కుడిన, నీలివన్నీ ఎడమన తేలాయి. తూటా నెమ్మదైనది కాబట్టి దెబ్బలు విడిపోతున్నాయి, మూతులు దగ్గర కావాలి. మరను చుట్టులో ఎనిమిదో వంతు తిప్పడం, కాల్చడం, చల్లారేదాకా ఆగడం, రాసుకోవడం. రెండు గుంపులూ కలిశాక మర మీద రంగుతో గుర్తు పెట్టాను. స్కోప్‌ను మాత్రం అన్నిటికంటే చివర సర్దాం. బ్యారెళ్ళు ఒక మాట మీదకు రాకముందు స్కోప్ తిప్పడం వృథా. చివరి కాగితం మీద ఎరుపూ నీలమూ కలిసి నా అరచేతి కింద దాగిపోయాయి. నేను తిట్టిన ఆ రైఫిలే, అవే బ్యారెళ్ళు.

ఆ రోజు నాకు సంతోషం కంటే సిగ్గే ఎక్కువ కలిగింది. ఇంత శ్రద్ధ పందిని కాల్చకముందే పెట్టి ఉండొచ్చు. చవక వస్తువు కొన్నందుకు నాకు విచారం లేదు. తెలుసన్న ధీమాతో అడగడం మానేశాను, ఒక్కొక్కటిగా పరీక్షించాల్సింది అన్నీ ఒకేసారి కదిపాను, అనుమానం వచ్చిన ప్రతిసారీ వేలు వస్తువు వైపే చూపాను. ఉద్యోగంలో కంప్యూటర్ ప్రోగ్రాముల తప్పులు పట్టేటప్పుడు ఒకసారి ఒకటే మార్చాలని నేనే కుర్రాళ్ళకు నేర్పుతాను. ఆ నియమాన్ని తుపాకి దగ్గర వదిలేశాను.

లండన్ రైఫిళ్ళ మీద చెక్కినట్టే, నా రైఫిల్ పెట్టె మూతకు లోపల ఇప్పుడు ఒక కాగితం అంటించి ఉంది: తూటా తయారీ, బుల్లెట్ బరువు, 50 గజాలు, మర గుర్తు. ఆ తూటా దొరకని నెలల్లో వేటకు వెళ్ళను. వెళ్ళే ముందు ఒక జత కాగితం మీద కాలుస్తాను, రంగులు కలవకపోతే ఆ సాయంత్రం ఇంటికి వచ్చేస్తాను. చవగ్గా జంట రైఫిల్ కొనాలనుకునేవాళ్ళకు నేను చెప్పేది కూడా ఇదే. కొనండి, తప్పు లేదు. మిగిలిన డబ్బు ఒకే రకం తూటాల మీద, మీ తీరిక అంతా టార్గెట్ కాగితం మీద ఖర్చుపెట్టండి. ఏ రంధ్రం ఏ బ్యారెల్‌దో చెప్పలేనంత కాలం ప్రాణమున్న దేని మీదా దాన్ని ఎత్తకండి.