‘లైన్’ నేర్చుకునేవాళ్లకు తలకిందుల సలహాలు

ప్రాణహిత వచ్చి గోదావరిలో కలిసే చోటుకు దగ్గర్లో ఉంది సిరొంచ. 1982లో చంద్రపూర్ నుంచి విడివడ్డ గడ్చిరోలి జిల్లాకు దక్షిణపు కొస. ఇక్కడ ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, సంతలో గోండి, మాడియా. ఇన్ని భాషలు వింటూ పెరిగిన పిల్లలు ఇంగ్లిషు దగ్గర ‘మా వల్ల కాదు’ అంటే మనసు చివుక్కుమంటుంది. వాళ్లను తికమకపెట్టేవి పెద్దపెద్ద పదాలు కావు, ‘లైన్’ లాంటి చిన్న మాటలే. అలాంటివి నేర్చుకోవడానికి నా సలహాలు ఇవి. మామూలుగా చెప్పేవాటికి పూర్తిగా ఎదురు. అయినా పాటించమనే అంటాను.

1. అర్థాల జాబితా రాసుకోకండి

ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు సంపాదకులు ‘రన్’ అనే క్రియ ఒక్కదానికే 645 అర్థాలు తేల్చినట్టు 2011లో పత్రికల్లో వచ్చింది. బట్టీ పడితే తెమిలే పనేనా? అందుకే మూలం పట్టుకోండి. ‘లైన్’కు మూలమైన లాటిన్ మాటకు నార దారమని అర్థం. విదర్భ రైతులు జవస్ పేరుతో పండించే అవిసె ఉందే, ఆ మొక్క నార. దారం లాగి పట్టుకుంటే గీత. గీత వెంట మనుషులు నిలబడితే వరుస. గీత మీద అక్షరాలు రాస్తే పంక్తి. రెండు రాష్ట్రాల మధ్య గీస్తే సరిహద్దు.

2. ఇంగ్లిషులో ఆలోచించకండి

ముందు తెలుగులో ఆలోచించండి. చేపలు పడతాం, దారి పడతాం. ఇనుముకు తుప్పు పడుతుంది, మనిషికి పిచ్చి పడుతుంది, ఊరు చేరడానికి రెండు గంటలు పడుతుంది. మరాఠీలో ‘లాగణే’ కూడా ఇంతే. ఆకలేస్తే ‘భూక్ లాగలీ’, నిప్పంటుకుంటే ‘ఆగ్ లాగలీ’, ఆలస్యమయ్యేలా ఉంటే ‘వేళ్ లాగతో’. వీటిని మీకు ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. ‘లైన్’ కూడా అలాగే వస్తుంది.

3. పుస్తకం మూసి రేవుకు వెళ్లండి

‘హుక్, లైన్ అండ్ సింకర్’ అనే నుడికారం ఉంది. గాలం వేసేవాళ్ల పక్కన కాసేపు కూర్చుని చూడండి. కొక్కెం, దారం, దాన్ని నీళ్లలోకి దించే సీసపు గుండు. చేప ఎరతోపాటు ఈ మూడూ మింగిందంటే నిండా మోసపోయినట్టే. అబద్ధాన్ని ఆసాంతం నమ్మేసినవాడి గురించి ఇంగ్లిషువాళ్లు అనే మాట ఇదే. గాలం చేత్తో పట్టుకున్నవాళ్లు దీన్ని పరీక్ష హాల్లో మరిచిపోరు.

4. అడిగిన మాటను కాదు, పక్క మాటను చూడండి

‘హోల్డ్ ద లైన్’ అని ఫోనులో వింటే కాస్త ఆగమని. యుద్ధంలో అయితే వెనక్కి తగ్గొద్దని. ‘డ్రాప్ మీ ఎ లైన్’ అంటే రెండు ముక్కలు రాయమని. ‘బాటమ్ లైన్’ అంటే లెక్కల్లో అడుగున తేలే లాభనష్టం, అక్కడి నుంచే అసలు సంగతి అనే అర్థం వచ్చింది. ‘టో ద లైన్’లో ‘టో’ కాలివేలు, బండిని లాగే ‘టో’ కాదు. గీతకు వేలు ఆనించి నిలబడడమంటే చెప్పినట్టు నడుచుకోవడం.

5. మన వాడుకను తప్పనకండి

కరెంటు పోతే ‘లైన్ గేలీ’ అనే మాట మరాఠీ పల్లెల్లో వింటాం. చెడు తిరుగుళ్లు మానినవాణ్ని ‘లైన్లోకొచ్చాడు’ అని మనమూ అంటాం. కరెంటుకు ఇంగ్లిషులో ‘పవర్’ అంటారని పిల్లలకు చెప్పండి, అంతే. ‘అది ఇంగ్లిషేనా’ అని నవ్వొద్దు. అమెరికావాళ్లు లైన్‌లో నిలబడితే లండన్‌వాళ్లు క్యూలో నిలబడతారు. చోటును బట్టి మాట మారడం ఎక్కడైనా ఉన్నదే.

ఇవాళ్టి నుంచే ఒక నోట్‌బుక్ పెట్టండి. బస్టాండులో, బ్యాంకులో, క్రికెట్ కామెంటరీలో ‘లైన్’ ఎక్కడ వినిపించినా వాక్యం మొత్తం రాసుకోండి. పక్కనే మీ ఇంటి భాషలో అదే మాట ఎలా అంటారో రాయండి. మీకు కావలసిన నిఘంటువు అదే.