ఐదు మిల్లీమీటర్లు తక్కువ

బ్రెజా, వెన్యూ, సోనెట్, నెక్సాన్. కంపెనీలు నాలుగు. అయినా ఇప్పుడొస్తున్న ఈ నాలుగు బళ్లకీ టేపు పెట్టి చూడండి, నాలుగింటి పొడవూ 3995 మిల్లీమీటర్లే. ఇదేదో ఇంజినీరింగ్ రహస్యమనుకునేరు. మన దేశంలో కారు ఎంత పొడవుండాలో చెప్పేది బడ్జెట్టు. 2006లో చిన్న కార్లకు ఎక్సైజు సుంకం తగ్గిస్తూ గీసిన గీత అది. పొడవు నాలుగు మీటర్లు దాటకూడదు, పెట్రోలు ఇంజినైతే 1200 సీసీ, డీజిలైతే 1500 సీసీ మించకూడదు. ప్రభుత్వాలు మారాయి, ఎక్సైజు పోయి జీఎస్టీ వచ్చింది, గీత మాత్రం గీసినచోటే ఉంది. 2025 సెప్టెంబరు 22 నుంచి గీతకి ఇవతలుంటే 18 శాతం, అవతలుంటే 40 శాతం.

ఆ తేడా చూశాక ఏ కంపెనీ అయినా కత్తెర తియ్యాల్సిందే. కోత ఎక్కువగా పడేది డిక్కీకి. అందుకే మా అత్తగారు సంక్రాంతికి కట్టిచ్చే అరిసెల డబ్బా ఏటా ఎవరో ఒకరి ఒళ్లో కూర్చునే బెజవాడ చేరుతోంది.

ఇక్కడిదాకా ప్రభుత్వం పని. ఇక్కణ్ణుంచి మన పని. బండి పన్నుకి చిన్నదిగా ఉండాలి, చూపుకి పెద్దదిగా ఉండాలి. మొదటిది ఫ్యాక్టరీవాళ్లు చూసుకుంటారు. రెండోదానికి బెజవాడలో ఆటోనగర్ ఉంది.

ఫ్యాక్టరీవాళ్లూ తమ వంతు కొంత చేశారు, కాదనకూడదు. బానెట్టు ఎత్తుగా లేపారు. చక్రాల చుట్టూ నల్ల ప్లాస్టిక్కు తొడిగారు. ముందు బంపరు కింద వెండిరంగులో స్కిడ్ ప్లేటు అతికించారు. కొండలూ బండలూ ఎక్కే జీపులకి ఇంజిను కింద నిజంగానే ఇనప పలక ఉంటుంది, రాయి తగిలితే కాపాడటానికి. మనకి ఆ పలక జ్ఞాపకార్థం ప్లాస్టిక్కుకి వెండిరంగు వేసిచ్చారు. ఇంజిను బలమంతా ముందు చక్రాలకే వెళ్తుంది, వెనక చక్రాలు ఊరికే వెంట వస్తాయి. అయితే నేలకీ బండికీ మధ్య ఉండే ఆ ఎనిమిదంగుళాల ఖాళీ మాత్రం నికార్సైనది. మా వీధిలో ఎవరి గుమ్మం ముందు వాళ్లు పోయించుకున్న స్పీడ్ బ్రేకర్ల మీద దాని విలువ తెలుస్తుంది.

మేమూ ఇలాంటి బండొకటి కొన్నాం. అది ఇంటికి రాగానే మా బావమరిది దిగాడు. అతనికి కారు లేదు, సలహాలున్నాయి. "బావా, షోరూములో ఒక్కటి కూడా వేయించకు. వాడు ఇచ్చే మ్యాట్ల డబ్బుకి ఆటోనగర్లో బండిని పెళ్లికూతుర్ని చేస్తారు" అన్నాడు. దుర్గమ్మ గుడి దగ్గర పూజ చేయించి, టైర్ల కింద నిమ్మకాయలు తొక్కించి, ఆ కుంకుమ బొట్లతోనే ఆటోనగర్ వెళ్లాం.

కొట్టాయన మమ్మల్ని పలకరించలేదు. ముందు బండి చుట్టూ ఒక ప్రదక్షిణ చేశాడు. తలుపు అంచు మీద వేలితో రుద్దాడు. వెనక్కి నాలుగడుగులు వేసి, తల ఒక పక్కకి వాల్చి, ఒక నిట్టూర్పు విడిచాడు.

"బండి బోసిగా ఉంది సార్."

ఆ ఒక్క మాట చాలు, ఏ మధ్యతరగతి మనిషైనా కూలబడిపోతాడు. మా ఆవిడ వెంటనే బండిని కొత్తగా చూసింది. "అవునండీ, మెడ బోసిగానే ఉంది" అంది. కారుకి మెడ ఎక్కడుందో నేనడగలేదు.

మొదట బయటికొచ్చింది ముందు బంపరుకి కట్టే ఇనప గార్డు. దాన్ని ఇద్దరు కుర్రాళ్లు మోసుకొచ్చారు. అది కడితే బండి ఇంకో జానెడు పొడుగవుతుంది, పన్నువాళ్లు మళ్లీ కొలవరు కూడా. కానీ ఈ గార్డులు మోటారు వాహనాల చట్టం 52వ సెక్షనుకి విరుద్ధమని, ఊరుకోవద్దని కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకు రాసింది. ఆయనకి ఓపిగ్గా చెప్పాను. "గుద్దుకున్నప్పుడు బంపరు నలగాలండీ. అది నలిగితే దెబ్బ మనదాకా రాదు. ఇనప గార్డుంటే దెబ్బ తిన్నగా ఛాసిస్‌కి పోతుంది, ఎయిర్‌బ్యాగు సెన్సరుకి సంగతి ఆలస్యంగా తెలియొచ్చు. ఎదురొచ్చిన మనిషి గతి చెప్పనే అక్కర్లేదు."

ఆయన చివరిదాకా విన్నాడు. "మీరు చదువుకున్నారు సార్. లారీవాడు చదువుకోలేదు కదా" అన్నాడు. బావమరిది తలూపాడు, ఆయన వైపే.

గార్డు లోపలికెళ్లింది, నల్ల ఫిల్ము బయటికొచ్చింది. ఎండలకి బ్లేజ్‌వాడ అని పేరు పడ్డ ఊళ్లో ఫిల్ము వద్దనడం మాటలు కాదు. కానీ 2012 ఏప్రిల్లో సుప్రీంకోర్టు నల్ల ఫిల్ములు పీకించేయమంది. ముందూ వెనకా అద్దాల్లోంచి 70 శాతం, పక్క అద్దాల్లోంచి 50 శాతం వెలుతురు దూరాలన్నది నిబంధన. "70 శాతం వెలుతురే వస్తుంది సార్, మిగతాది రాదు" అని చూపించిన ముక్కలోంచి నాకు ఎదురుగా ఉన్న బావమరిది కనిపించలేదు. అదొక్కటే ఆ ఫిల్ములో నాకు నచ్చిన గుణం.

సీటు కవర్ల దగ్గర మాత్రం తప్పించుకోలేకపోయాం. ఇక్కడా ఒక మెలిక ఉంది. పక్క ఎయిర్‌బ్యాగు సీటు అంచులో కుట్టు వెనక ముడుచుకుని ఉంటుంది, ప్రమాదంలో ఆ కుట్టు చించుకుని బయటికి రావాలి. పైన మందపాటి తోలు కవరు బిగిస్తే అది రావలసిన దారికి తాళం పడ్డట్టే. అందుకని ఆ చోట విడిపోయే కుట్టున్న కవర్లు వెతికించి వేయించాం. ఆ తోలు మే నెలలో అట్లపెనమే, కాబట్టి దాని మీద తువ్వాలు. లోపల అసలు సీటుకున్న ఫ్యాక్టరీ పాలిథిన్ని మా అమ్మ తియ్యనివ్వనంది, బతిమాలి ముందు సీట్లకి తీయించాం. వెనక సీట్లకి ఇంకా ఉంది. కంపెనీవాడు ఏ రంగు గుడ్డ వేశాడో మా ఇంట్లో చూసినవాళ్లు లేరు.

తర్వాత మ్యాట్లు. 7డి మ్యాట్లట. ఐన్‌స్టీన్ నాలుగు దగ్గర ఆగాడు, ఆటోనగర్ ఏడుదాకా వెళ్లింది. వాటికి మట్టి అంటకుండా పైన పచ్చగడ్డి మ్యాటు, దానికి మట్టి అంటకుండా పైన నిన్నటి పేపరు. డ్రైవరు పక్కన మాత్రం ఒకదాని మీద ఒకటి వెయ్యనివ్వలేదు. జారి యాక్సిలరేటరు కింద ఇరుక్కుందంటే ఏడు కొలతలూ ఒక్కసారే కనిపిస్తాయి.

కొట్టాయన దగ్గర ఇంకో చిన్న సరుకుంది. సీటు బెల్టు పెట్టుకోకపోతే బండి అరుస్తుంది కదా, అరవకుండా ఆ సందులో గుచ్చే క్లిప్పు. 2019 జూలై నుంచి తయారయ్యే కార్లకి బెల్టు అలారం, వేగం 80 దాటితే మోగే హెచ్చరిక తప్పనిసరి చేశారు. ఆ అలారాన్ని నోరు మూయించే క్లిప్పుల్ని 2023లో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ ఆన్‌లైన్ అంగళ్లలోంచి తీయించింది, ఒకటీ రెండూ కాదు, 13,000కు పైగా ప్రకటనలు. ఆటోనగర్లో గాజు బీరువాలో దేవుడి స్టిక్కర్ల పక్కనే ఉన్నాయి. బెల్టు పెట్టుకునే బదులు, పెట్టుకున్నట్టు కారుని నమ్మించడానికి డబ్బిచ్చే జాతి ఇంకెక్కడైనా ఉందా అని నాకో అనుమానం. ఇక ఆ 80 హెచ్చరిక గుంటూరు దారిలో మోగినప్పుడల్లా మా మామగారు "అల్లుడుగారూ, ఎవరిదో ఫోనండీ" అంటూ జేబులు తడుముకుంటారు. వేగం తగ్గిస్తాను, మోత ఆగుతుంది. "కట్టేశాడు" అంటారు.

దేవుళ్ల విషయంలో పేచీ అయ్యింది. మా ఆవిడ వెంకటేశ్వరస్వామిని, అమ్మ దుర్గమ్మని, బావమరిది వినాయకుణ్ణి కోరుకున్నారు. ముందు సీటుకి ఎదురుగా, ఎయిర్‌బ్యాగు మూత మీద మాత్రం ఎవర్నీ పెట్టొద్దన్నాను. అది తెరుచుకుంటే దేవుడు మనల్ని రక్షించడానికి మరీ వేగంగా వస్తాడు. ముగ్గుర్నీ మధ్యలో సర్దాం, కాస్త ఇరుగ్గానే.

ఇక సన్‌రూఫ్. దీని కోసమే మా పిల్లలు ఈ బండి కొనిపించారు, తలలు బయట పెట్టడానికి. అది కుదరదని మొదటిరోజే చెప్పడంతో వాళ్లకి బండి మీదే ఆసక్తి పోయింది. మామూలుగా తెరుద్దామంటే ఎండ, ఎండ లేకపోతే దుమ్ము, రెండూ లేకపోతే వాన. సన్‌రూఫ్ సంగతే తెలియని అమ్మ ఆ కొట్టు ముందే మొదటిసారి వెనక కూర్చుని, నడినెత్తిన ఎండ పడుతుంటే పైకి చూసింది.

"కప్పుకి కన్నమేంట్రా?"

చెప్పాను.

"దానికి వేరే డబ్బు తీసుకున్నారా?"

అదీ చెప్పాను. బిల్లు రాస్తున్న కొట్టాయన కలం ఆపాడు. "సన్‌రూఫ్‌ని కప్పేసే తెరలున్నాయమ్మా. వేశామంటే కన్నం ఉన్నట్టే తెలీదు" అన్నాడు.

అమ్మ కొంగుముడి విప్పుతూ నా వైపు చూసింది. "నీకంటే ఆ అబ్బాయి నయంరా" అంది.