రంగు కొడితే కొత్తదే!

పాత కారు కొన్నవాడికి మొదటి రోజే పుట్టే ప్రశ్న ఒకటే: "ఏ రంగు వేయిద్దాం?" తలుపు కింద వేలు పెడితే రేకులోంచి లోపలికి పోతుంది. కాళ్ళ కింద మ్యాట్ ఎత్తితే రోడ్డు కనిపిస్తుంది. అయినా ఇంటిల్లిపాదీ కూర్చుని ముత్యపు తెలుపా, వంకాయ రంగా అని పంచాయితీ పెడతారు. మధ్యలో రేకు సంగతి ఎత్తినవాడు పెళ్ళిమాటల్లో తుమ్మినవాడితో సమానం.

మా ఎలమంచిలి వైపు ఈ రంగుభక్తి కాస్త ఎక్కువే. విశాఖ నుంచి పాత అంబాసిడర్ ఒకటి తోలుకొస్తారు. "పాత రేకండీ, గట్టిది. ఇప్పటి డబ్బా కార్లలాంటిది కాదు" అని అమ్మినవాడు చెప్పిన మాటే వేదం. గట్టిదే, ఎవరు కాదన్నారు? 2014లో తయారీ ఆగేదాకా ఆ బండి దేశాన్ని మోసింది. కానీ మందంగా ఉంటే తుప్పు పట్టదనుకుంటే రైలు పట్టాకి అసలు పట్టకూడదు. మన స్టేషన్లో ప్లాట్‌ఫాం మీంచి ఒకసారి వంగి చూడండి. "పక్కనే స్టీల్ ప్లాంటుంది కదండీ, మన ఉక్కు!" అని ఇంకొకాయన రొమ్ము విరుస్తాడు. అక్కడ తయారయ్యేవి కడ్డీలు, తీగచుట్టలు, దూలాలు. కారు రేకు కాదు. ఆ సాక్ష్యం చెల్లదు.

బీచ్ రోడ్డు పక్కన ఏళ్ళ తరబడి నిద్ర చేసిన బండి ఉప్పుగాలి పీల్చి, రేవు నుంచి ఎగిరొచ్చిన బొగ్గుధూళి పూసుకుని వస్తుంది. తుప్పు, తాను తిన్న ఇనుము కంటే ఎక్కువ చోటు అడుగుతుంది. రంగు కింద బొబ్బ లేచేది అందుకే. మనవాళ్ళు ఆ బొబ్బ మీద పుట్టీ మెత్తి, పుట్టీ మీద రంగు కొట్టిస్తారు. ఇంత భద్రమైన కప్పు దొరికాక తుప్పుకి కావలసిందేముంది? ఎవరి కంటా పడకుండా తన పని తాను చేసుకుంటుంది.

పద్ధతేమిటో తెలియక కాదు. ముందు గ్రీజూ మైనమూ పోయేలా కడగాలి. లేకపోతే ఎమరీ పేపరు ఆ జిడ్డుని లోపలికే రుద్దుతుంది. కుళ్ళిన రేకు కోసి కొత్త ముక్క వెల్డింగు చేయాలి. పుట్టీ రెండు మూడు మిల్లీమీటర్లు దాటకూడదు. 80 నంబరు పేపరుతో మొదలుపెట్టి, ప్రైమర్ వేసి, మళ్ళీ గీకి, 400, 600 దాకా దిగాలి. అంతా అయ్యాక గన్ను పట్టుకోవాలి. ఇది వినగానే యజమాని ముఖం మాడిపోతుంది: "గీకుడికి కూడా డబ్బులేటి?" టింకరింగ్ చేసేవాడు పిచ్చివాడేం కాదు. కనపడని పనికి కూలి రాదని అతనికి ఆ క్షణమే తెలిసిపోతుంది. పైగా బండి దసరా పూజకి బేగి కావాలట. వానలింకా వెనకబట్టని తేమగాలిలో లాకర్ రంగు కొడితే పైన తెల్లగా మసక కమ్ముతుంది. దానికీ పెయింటర్నే తిడతారు.

షెడ్లలో ఇప్పటికీ వినిపించే డ్యూకో, డ్యూపాంట్ కంపెనీ 1923లో తెచ్చిన బేగి ఆరే రంగు. అంతకుముందు కారు రంగు ఆరడానికి వారాలు పట్టేది. ఆరే కాలం తగ్గించినవాళ్ళున్నారు గానీ గీకే కాలం తగ్గించినవాడు ఇంకా పుట్టలేదు. ఆ లోటు మనవాళ్ళు గీకడమే మానేసి తీర్చారు. విశాఖలో ఓడలు కట్టే షిప్‌యార్డు ఉంది. సముద్రంలోకి పోయే రేకుని రవ్వతో కొట్టి, లోహం మెరిసేదాకా శుభ్రం చేశాకే రంగు వేస్తారు. ఓడవాడికి తొందర లేదు కాబోలు.

ప్రాజెక్టు కారు పెద్దమనిషిది ఇంకో తీరు. అలాయ్ చక్రాలు వచ్చాయి, స్టీరియో వచ్చింది. బండి మాత్రం బూడిదరంగు ప్రైమర్‌తో వేపచెట్టు కింద ఉంది. "నెమ్మదిగా చేయిస్తున్నాం" అంటాడు. ప్రైమర్ తడిని ఆపదు, పీలుస్తుంది. అతని నెమ్మదితనం తుప్పుకి బాగా కలిసొచ్చింది. అడిగితే "వింటేజ్ కారండీ" అని జవాబు. 2021 కేంద్ర నిబంధనల ప్రకారం వింటేజ్ అనిపించుకోవాలంటే యాభై ఏళ్ళు దాటాలి, పెద్ద మార్పులు చేసి ఉండకూడదు. అతనిది 1994 మారుతి 800. 2044 దాకా ఆగాలి. అతను ఆగుతాడు, రేకు మాటేమిటి?

కార్ల యజమానులనే అని లాభం లేదు. పంచాయతీ ఆఫీసుల రంగు కోసం 2020లో సుప్రీంకోర్టు దాకా వెళ్ళిన రాష్ట్రం మనది. వాటి గోడల్లో పగుళ్ళ మీద అంత వాదన ఎక్కడ విన్నాం?

రంగు మెరిసే పాత బండి కొనబోయేవాళ్ళు జేబులో చిన్న అయస్కాంతం వేసుకెళ్ళండి. గుడ్డముక్క చుట్టి రేకు మీద ఆనించండి. పుట్టీ మందంగా ఉన్నచోట పట్టుకోదు, జారిపోతుంది. అమ్మేవాడు మాత్రం తడుముకోడు.

"మీ అయస్కాంతంలో పవరు లేదండీ!"