దశకంఠుల వారికి ఒక అర్జీ

గౌరవనీయులైన దశకంఠుల వారికి,
ద్వారపాలక విభాగం, మరకత బుద్ధుడి ఆలయం, బ్యాంకాక్.

విషయం: సకుటుంబంగా వచ్చిన పర్యాటకుల తొలిరోజు కార్యక్రమం తమ మూలంగా చెడిపోయినందున తగు చర్య కోరుట గురించి.

అయ్యా,

పై విషయమై తమకు విన్నవించుకొనునది ఏమనగా, తాలూకా ఆఫీసులో జనం అర్జీలు అందుకుని అందుకుని రిటైరైన నేను, సొంతంగా రాస్తున్న మొదటి అర్జీ ఇది. దీన్ని ఫైలు అడుగున ఎలా పెట్టవచ్చో నాకు బాగా తెలుసు కనుక ఆ పని చేయవద్దని మనవి.

మా కోడలు తొలిరోజు మొత్తాన్ని ఫోనులో గంటల వారీగా పంచి పెట్టింది. పొద్దున రాజభవనం, మీ గుడి. తర్వాత వాట్ ఫో, నది దాటి వాట్ అరుణ్, సాయంత్రం చైనాటౌన్. సాథోన్ రేవులో ఆరెంజ్ జెండా పడవ ఎక్కాం. పడవను రేవుకు చేర్చేటప్పుడు వెనక తాడు పట్టుకున్న మనిషి నడిపేవాడికి అన్నీ ఈలలతోనే చెప్పాడు. మా మనవడికి ఆ విద్య థా చాంగ్ రేవు వచ్చేలోపే పట్టుబడింది. హోటల్లో పక్కగదుల వాళ్లు ఏమైనా ఫిర్యాదు పంపి ఉంటే దాన్ని దీనితో జతపరచగలరు.

రేవు దిగి నడుస్తుంటే ఇస్త్రీ చొక్కా వేసుకున్న పెద్దమనిషి ఒకాయన ఎదురై, రాజభవనం ఇవాళ మూత అనీ, టుక్‌టుక్ ఎక్కితే అంతకంటే గొప్ప గుడి చూపిస్తాననీ అన్నాడు. ఆ బండ్లు ఎక్కినవాళ్లు చివరికి నగల కొట్లో తేలతారని కోడలు ముందే చదివింది. "పదండి మామయ్యా, మూసిన తలుపులే చూసొద్దాం" అంది. తలుపులు బార్లా తెరిచే ఉన్నాయి. తలకు 500 భాట్ల టికెట్టు కూడా సిద్ధంగా ఉంది.

గుమ్మంలో మా అబ్బాయి నిక్కరు దగ్గర చిక్కొచ్చింది. మోకాళ్లు కనబడితే లోపలికి వీల్లేదన్నారు. పరాయివాడి భార్యను ఎత్తుకుపోయిన వారి కాపలాలో మోకాళ్లకింత పట్టింపా అని నేను అనబోతే మా ఆవిడ మోచేత్తో పొడిచింది. ఎదురుగా ఏనుగు బొమ్మల పైజమాలు అమ్మే ఆవిడ మావాణ్ణి ఒక్కసారి ఎగాదిగా చూసి సరైన సైజు తీసిచ్చింది. వాడిప్పుడు ఆఫీసుకీ అదే వేసుకెళ్తానంటున్నాడు. దీనికి బాధ్యులెవరో తేల్చాలి.

మిమ్మల్ని దర్శించుకున్నాం. ఆకుపచ్చ ఒళ్లు, కోరలు, చేతిలో గద, కిరీటం మీద అంతస్తులుగా మిగతా తలలు. మా దగ్గర 'భూకైలాస్'లోనూ 'సీతారామ కల్యాణం'లోనూ రామారావు గారు మీ వేషం కట్టారు. ఆ కారణంగా మీ విషయంలో మేం మొదటినుంచీ కాస్త మెతకే. మా ఆవిడ మాత్రం, "ఆయన అందం ఎక్కడ, ఈ కోరలెక్కడ" అనేసింది. క్షమించాలి.

అసలు ఫిర్యాదు లోపలి వసారా గోడలది. 1782లో ఈ రాజధాని కట్టిన మొదటి రామరాజు గారే వీళ్ల రామాయణం, రామకియన్ కూడా రాయించారట. ఆ కథంతా గోడల మీద 178 చిత్రాలుగా ఉంది. మా ఆవిడ మొదటి గోడ నుంచే తెలుగులో కథ చెప్పడం మొదలెట్టింది. వెనక నలుగురు విదేశీయులు చేరి, అర్థం కాకపోయినా తలలూపారు. అలా సేతువు కట్టే ఘట్టం దాకా వచ్చి ఆవిడ నోరు ఠక్కున ఆగిపోయింది. తెల్లటి హనుమంతుడు, చేపతోక ఉన్న అమ్మాయితో సరసంగా ఉన్నాడు.

అక్కడున్న గైడు ఒకాయన చల్లగా చెప్పాడు. ఆ పిల్ల సువర్ణమత్స్య, సాక్షాత్తూ తమరి కూతురట. సేతువు రాళ్లు లాక్కుపొమ్మని మీరు పంపితే, ఆపడానికి వచ్చిన హనుమంతుడు ఆమెను వలచాడు. వాళ్లకు మచ్ఛాను అని కొడుకు కూడానట. మరోచోట విభీషణుడి కూతురితోనూ ఆయనకు ప్రేమకథ ఉంది. ఇంతటితో పోనివ్వక, సీతమ్మవారు కూడా మండోదరికి పుట్టిన బిడ్డేనన్నాడు. అంటే రాముడు, ఆంజనేయుడు ఇద్దరూ మీకు అల్లుళ్లు! లంకాదహనం మామగారింటి గొడవ కింద జమ అయిపోతుంది. నా సర్వీసులో ఎన్నో కుటుంబ సభ్యుల ధ్రువపత్రాలు రాశాను గానీ, ఈ వంశవృక్షం మీద సంతకం పెట్టే తహసీల్దారు మా రెండు రాష్ట్రాల్లోనూ దొరకడు.

మంగళవారం చాలీసా తప్పని మనిషి ఏమైపోతుందోనని నేను హడలిపోయాను. ఆవిడ కాసేపు గోడకేసి చూసి, "మన ఆంజనేయుడికి మాత్రం సువర్చలమ్మ లేదా ఏమిటి? కల్యాణం కూడా చేస్తాం కదా" అని, మిగతా సంబంధాలు తేల్చుకోవడానికి మళ్లీ మొదటి చిత్రానికి నడిచింది. కార్యక్రమం అక్కడ కూలిపోయింది.

66 సెంటీమీటర్ల మరకత బుద్ధుణ్ణి చూశాం. ఆయనకు ఏడాదికి మూడు కాలాలకు మూడు అలంకారాలేనట, మార్చేది రాజుగారేనట. మా సూట్‌కేసుల సంఖ్య ఇక్కడ రాయను. వాట్ ఫోలో 46 మీటర్ల శయన బుద్ధుడి వెనక 108 పాత్రల్లో చిల్లర వేస్తూ మనవడు లెక్క తప్పాడు. వాట్ అరుణ్‌ను ఇవతలి గట్టునుంచే చూశాం. అక్కడి గుమ్మంలోనూ కాపలా మీరేనట. ఒకే ఉద్యోగికి రెండు చోట్ల డ్యూటీ ఎలా వేశారో ఆరా తీయవలసి ఉంది.

కావున తమరు దయతలచి, ఆ వసారాలో మోకాళ్ల నొప్పులున్న వారికి నాలుగు కుర్చీలు వేయించి, చేజారిన చైనాటౌన్‌కు బదులుగా మా కోడలికి మరో సాయంత్రం మంజూరు చేయవలసిందిగా ప్రార్థన.

ఇట్లు,
తమ విధేయుడు,
ఒక విశ్రాంత గుమాస్తా

తా.క.: మండోదరి గారిని అడిగానని చెప్పమంది మా ఆవిడ. మచ్ఛానుకు ఈత ఎవరు నేర్పారని మనవడు అడుగుతున్నాడు. తిరుగుటపాలో తెలియజేయగలరు.