ఒకటి పోయినా పర్లేదండీ

సర్వర్ గది తాళంచెవి ఎవరి జేబులో ఉంటుందో ఆయనే. మే నెలలో కూడా స్వెట్టర్ తొడుక్కుంటాడు. హోదా సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్, పిలుపు సిస్టమ్స్ గారు.

ఓ పొద్దున సర్వర్ కూత మొదలెడుతుంది. అకౌంట్స్ మేడమ్ పరుగున వస్తుంది. "సిస్టమ్స్ గారూ, ఆ పెట్టె ఆగకుండా అరుస్తోందండీ!" ఆయన లోపలికెళ్ళి అరనిమిషంలో బయటికొస్తాడు. "అయిపోయిందండీ." అయిపోయింది అరుపు మాత్రమే. పోయిన డిస్కు పోయినట్టే ఉంది. దాని మీద వెలిగే ఆరెంజ్ లైటు ఎవరికీ కనబడదు. దసరా ఆయుధపూజలో పెట్టిన బొట్టు సరిగ్గా అక్కడే పడింది.

"ఆరు డిస్కులు రెయిడ్ 5లో ఉన్నాయండీ. ఒకటి పోయినా మిగతా అయిదూ లెక్కగట్టి దాన్లో ఏముందో చెప్పేస్తాయి." నిజమే. రెండోది కూడా పోతే చెప్పే నాథుడుండడన్న ముక్క మాత్రం ఆయన నోట రాదు.

ఈ రెయిడ్ గురించే 1988లో బర్క్‌లీలో ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ ముగ్గురూ కలిసి, ఖరీదైన పెద్ద డిస్కుకు బదులు చవక డిస్కులు కొన్ని జతచేసి వాడుకోవచ్చని పేపరు రాశారు. అందులో మన సిస్టమ్స్ గారి మనసు దోచింది చవక ఒక్కటే. సికింద్రాబాద్‌లో కంప్యూటర్ సామాన్లమ్మే సీటీసీకి వెళ్ళి, ఒకే షాపులో, ఒకే బ్యాచ్‌వి ఆరూ బేరమాడి తెచ్చాడు. కవలల్లా కలిసి పుట్టినవి కలిసే మంచం పట్టే ప్రమాదముందని షాపువాడు చెప్పలేదు, ఈయన అడగలేదు.

కొత్త డిస్కు కోసం ఫైలు పెట్టకపోలేదు. ఎండీ గారు కళ్ళజోడు సవరించుకుంటారు.

"సర్వర్ నడుస్తోందా?"

"నడుస్తోంది సార్."

"మరి డిస్కెందుకయ్యా?"

దీనికి ఏ ఇంజనీరింగ్ కాలేజీలోనూ జవాబు నేర్పరు. రెయిడ్ బాగా పనిచేయడమే దాని కొంప ముంచుతుంది. ఫైలు మూడు కొటేషన్ల చుట్టూ తిరుగుతూ ఉంటుంది, అయిదు డిస్కులూ ఆరింటి బరువు మోస్తూ ఉంటాయి. బ్యాకప్ సంగతి ఎత్తితే, "రెయిడ్ ఉంది కదండీ!" అని నొచ్చుకుంటాడు. ఎవరో పొరపాటున జీతాల ఫోల్డర్ చెరిపేస్తే అన్ని డిస్కుల్లోంచీ ఒకేసారి, ఎంతో విశ్వాసంగా చెరిపేసేది కూడా ఆ రెయిడే.

చివరికి డిస్కు వచ్చింది. చెడింది 3వ స్లాట్ అని స్క్రీన్ చెప్పింది. ఈయన ఎడమ నుంచి ఒకటీ రెండూ మూడూ అని లెక్కపెట్టి లాగాడు. స్లాట్ల లెక్క సున్నాతో మొదలవుతుంది. ఊడొచ్చింది నిక్షేపంలాంటి డిస్కు. ఆఫీసంతా ఒక్కసారి "నెట్ పోయిందా?" అంది. గబుక్కున దాన్ని మళ్ళీ దోపితే 'ఫారిన్' అని చూపించింది కంట్రోలర్. తను పెంచిన డిస్కే ఇప్పుడు విదేశీది! ఇంపోర్టా, క్లియరా అనడిగింది. క్లియర్ నొక్కితే మొత్తానికే మంగళం. వణుకుతున్న వేలితో, వెంకన్నకు మొక్కుకుని, ఇంపోర్ట్ నొక్కాడు. బతికింది.

ఆ తర్వాత రీబిల్డ్. అయిదు డిస్కుల్నీ మొదట్నుంచి చివరిదాకా చదివితే గానీ ఆరోది నిండదు, ఎన్నాళ్ళుగానో దాక్కున్న చెడ్డ సెక్టర్లు బయటపడేది సరిగ్గా ఆ చదువులోనే. రాత్రంతా శాతాలు చూస్తూ కూర్చున్నాడు. 37 దగ్గర టీ తాగాడు. 61 దగ్గర ఇంటి నుంచి ఫోనొస్తే, "మాట్లాడకు, నడుస్తోంది" అన్నాడు.

అన్నీ పచ్చగా వెలిగాక, ఈసారి తెలివిగా ఒక స్పేర్ డిస్కు కూడా మంజూరు చేయించి బీరువాలో పెట్టాడు. మూడు నెలలకు మళ్ళీ కూత. ఠీవిగా బీరువా తీశాడు. స్పేర్ మీద స్టిక్కర్: 'ఎండీ గారి అమ్మాయి పెళ్ళి వీడియో.'

"సార్, దీనికి ఇంకో కాపీ ఎక్కడైనా ఉందా?"

"ఇంకో కాపీ ఎందుకయ్యా? నీ దగ్గరుందిగా!"