లింకు ఎంత?

ఒక ఊరికి నేను పన్నెండెకరాల నేల లేకుండా చేశాను. వరద కోసుకుపోలేదు, కబ్జాదారు మింగలేదు, రోడ్డు వెడల్పులో పోలేదు. ఏసీ గదిలో కూర్చుని మౌసుతో నేనే మాయం చేశాను. పైగా పోయిన నేల ఏదని అడిగినవాళ్ళకి ఎదురు పాఠం చెప్పాను. మొదటి పని తెలియక చేసింది. రెండోదానికి మాత్రం ఇప్పటికీ తల కొట్టేసినట్టవుతుంది.

అప్పుడు నాకు ఇరవై మూడేళ్ళు. సివిల్‌లో డిప్లొమా, ఆటోక్యాడ్‌లో మూడు నెలల కోర్సు, చేతిలో కాంట్రాక్టు ఉద్యోగం. కేంద్ర ప్రభుత్వం 2008లో భూరికార్డుల ఆధునికీకరణ కార్యక్రమం మొదలుపెట్టాక మాలాంటి కుర్రాళ్ళకి నాలుగు డబ్బులు దొరికే రోజులవి. సర్వే ఆఫీసు రికార్డు రూములో మూటలు కట్టి పడేసిన ఎఫ్.ఎం.బి. కాయితాలు చూసి ప్రతి సర్వే నంబరునీ కంప్యూటర్లో మళ్ళీ గీయాలి. గీసిన ముక్కలన్నీ అతికి ఊరి పటం చేయాలి. అంతే పని.

ఎఫ్.ఎం.బి. అంటే ఫీల్డ్ మెజర్‌మెంట్ బుక్. ఒక్కో సర్వే నంబరుకి ఒక్కో కాయితం. రాయికీ రాయికీ మధ్య గీత, ఆ గీత వెంట నిచ్చెన మెట్లలా అంకెలు, అటూ ఇటూ గట్టు వంపు ఎంత దూరంలో ఉందో చెప్పే ఆఫ్‌సెట్లు. అంకెలన్నీ లింకుల్లో ఉంటాయి. ఆ కాయితాలు పట్టుకుంటే అంచులు పొడిలా రాలేవి. సిరా గోధుమరంగుకి తిరిగినా అంకెలు మాత్రం ముత్యాల్లా ఉండేవి. ఆ చేతిరాత చూసి ముచ్చటపడ్డానే కానీ, రాసినవాడికి బుర్ర కూడా ఉండి ఉంటుందని నాకు తట్టలేదు.

ఆటోక్యాడ్‌కి మీటరు తెలియదు, లింకూ తెలియదు. దానికి ఒకటంటే ఒకటి. ఆ ఒకటి ఏమిటన్నది గీసేవాడు చెప్పాలి. నన్ను అడిగితే పాలిటెక్నిక్ పుస్తకం కళ్ళముందుకొచ్చింది: సర్వే గొలుసు 20 మీటర్లు, అందులో 100 లింకులు, కాబట్టి లింకు 20 సెంటీమీటర్లు. పరీక్షలో రెండు మార్కుల ప్రశ్న అది, నాకు రెండుకి రెండూ వచ్చాయి. ఇంకేం, లింకుకి 0.2 పెట్టి గీయడం మొదలుపెట్టాను.

ఇక్కడ నన్ను మోసం చేసింది నా పనితనమే. ముక్కకి ముక్క అతికితే వెంట్రుకవాసి సందు లేకుండా కూర్చుంది. గట్టు పక్కన గట్టు, డొంక పక్కన డొంక. అన్ని ముక్కలూ ఒకే పాళ్ళలో కుదించుకుపోతే వాటి మధ్య తగువెందుకొస్తుంది? ఆ సంగతి అప్పుడు తెలిస్తేగా. సందు లేదు కాబట్టి తప్పు లేదనుకున్నాను. ప్రింటు తీసి గోడకి అంటించి, వచ్చినవాళ్ళకల్లా చూపించాను.

తర్వాత విస్తీర్ణాలు సరిచూడాలి. ఊరి భూముల విస్తీర్ణాలుండే ఆర్.ఎస్.ఆర్. రిజిస్టరులో ఊరు 1,040 ఎకరాలు. నా తెర మీద 1,028. నంబరు నంబరుకీ చూశాను. చిన్న చెక్కల్లో అర సెంటు, పెద్ద కమతాల్లో ఏడెనిమిది సెంట్లు తరుగు. ఊళ్ళో 286 సర్వే నంబర్లు. 286 తరుగులు.

బుద్ధున్నవాడు ఇక్కడ ఆగేవాడు. నేను రిమార్కుల గడిలో 'పాత సర్వేలో కొలత లోపం' అని టైపు చేసి, 286 సార్లు కాపీ పేస్టు చేశాను. పైఅధికారి అడిగితే, "గొలుసు కొలతలు కదా సార్, అప్పుడు టెక్నాలజీ ఏముంది" అన్నాను. గడువు నెత్తిమీదుంది, ఆయనా తలూపేశారు. సాయంత్రం టీ కొట్టు దగ్గర, తెల్లదొరల కాలంలో సర్వేయర్లు కల్లు తాగి గొలుసు లాగారని జోకు వేశాను. అందరూ నవ్వారు. నేను ఇంకాస్త గట్టిగా నవ్వాను.

కొన్నాళ్ళకి ఒక పెద్దాయన వచ్చాడు. పంచె మడమల దాకా తడిసి ఉంది, ఎక్కడో కాలవ దాటొచ్చినట్టున్నాడు. పాస్‌బుక్కులోంచి రెండు కాయితాలు తీసి బల్ల మీద పక్కపక్కన పెట్టాడు. పాతదాంట్లో మూడెకరాల నలభై సెంట్లు. మా ఆఫీసు ఇచ్చినదాంట్లో మూడెకరాల ముప్పై ఆరు.

"నాలుగు సెంట్లు ఏమైనాయి బాబూ?"

"ఏమీ కాలేదు తాతా. ముందు నుంచీ లేవు. అప్పట్లో గొలుసుతో లాగారు, తప్పు రాశారు. ఇది కంప్యూటరు."

ఆయన వేలు కొత్త కాయితం మీదే ఉంది. అక్కడ చుక్క తర్వాత నాలుగు అంకెలుంటాయి, నేనే పెట్టించాను. అన్ని అంకెలున్న కాయితాన్ని ఎదిరించడం ఎవరి తరం? "అట్టాగా" అన్నాడు. రెండూ మడిచి లోపల పెట్టుకుని వెళ్ళిపోయాడు.

ఆ ఆఫీసులో రిటైర్మెంటుకి దగ్గర పడ్డ చైన్‌మాన్ ఒకాయన ఉండేవాడు. అందరికీ బాబాయే. రోవర్లూ టోటల్ స్టేషన్లూ లాంటి కొలత యంత్రాలు వచ్చాక గొలుసు పని పోయి, ఫైళ్ళు మోస్తూ కాలం గడిపేవాడు. ఒక మధ్యాహ్నం క్యారేజీ విప్పుతూ నా తెరకేసి చూశాడు.

"అన్నీ తక్కువేనా అబ్బాయ్?"

"అన్నీ తక్కువే బాబాయ్."

"ఎక్కువొచ్చింది ఒక్కటైనా లేదూ?"

"లేదు."

ముద్ద నోట్లో పెట్టుకుని, నమిలి, మింగి అప్పుడన్నాడు. "ఎండలో గొలుసు లాగేవాడు తప్పు చేస్తే ఓసారి ఎక్కువ రాస్తాడు, ఓసారి తక్కువ రాస్తాడు. ఊరు ఊరంతా ఒక్క పక్కకే తప్పు పోయిందంటే ఆ తప్పు వాడిది కాదు. లింకు ఎంత పెట్టావు?"

"ఇరవై సెంటీమీటర్లు."

ఆయన నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది. చెయ్యి కడుక్కుని స్టోరులోకి వెళ్ళి, తుప్పు పట్టిన గొలుసొకటి భుజాన వేసుకొచ్చాడు. ఇత్తడి పిడులు, పది లింకులకొక ఇత్తడి బిళ్ళ. పదో లింకు దగ్గర బిళ్ళకి ఒక పన్ను, ఇరవైకి రెండు పళ్ళు, సరిగ్గా నడిమికి గుండ్రటి బిళ్ళ. లెక్క తప్పకుండా వేళ్ళతో తడుముకునే ఏర్పాటు. ఆఫీసు వరండాలో ఆ చివర నుంచి ఈ చివరికి పరిచి, పక్కనే స్టీలు టేపు పరవమన్నాడు. టేపు మీద 20 మీటర్ల గీత దగ్గరికొచ్చి వంగి చూశాను. గొలుసు అక్కడ ఆగలేదు. ఇంకా బెత్తెడున్నర ముందుకెళ్ళి ఆగింది. పాతది కాబట్టి కడియాలు సాగాయని వేలెడు తీసేసినా, బెత్తెడు పైనే ఉంది.

అది గంటర్ గొలుసు. ఇంగ్లండులో ఎడ్మండ్ గంటర్ అనే గణితజ్ఞుడు 1620లో రూపుదిద్దాడు. పొడవు 66 అడుగులు, అంటే 20.1168 మీటర్లు. లింకు 20.1168 సెంటీమీటర్లు. నేను పరీక్ష రాసిన 20 మీటర్లది మెట్రిక్ గొలుసు, మన దేశం మెట్రిక్ కొలతల్లోకి మారాక వచ్చింది. 66 అనే అంకె చూస్తే పిచ్చిగా ఉంటుంది కానీ దాంట్లో కిటుకుంది. పది గొలుసుల పొడవు, ఒక గొలుసు వెడల్పు ఉంటే సరిగ్గా ఎకరం. లక్ష చదరపు లింకులు ఎకరం, వెయ్యి చదరపు లింకులు సెంటు. చుక్క జరిపితే చాలు, విస్తీర్ణం చేతిలోకొస్తుంది. నేను వెక్కిరించిన ఆ గొలుసు లెక్క కట్టడానికే పుట్టింది. పొలం గట్టున కరెంటు లేకుండా పనిచేసే కంప్యూటరది.

నా 0.2తో గుణిస్తే ఎకరం 4,000 చదరపు మీటర్లే వస్తుంది. అసలు ఎకరం 4,046.86. ఎకరానికి 56 గజాలు మింగాను. ఈ రోజుల్లో 56 గజాలుంటే ఒక గదీ వంటిల్లూ కట్టుకుని కాపరం పెట్టేవాళ్ళున్నారు.

తర్వాత ఓదార్పు కోసం వెతికితే, అమెరికాలోనూ ఇలాంటి గొడవ ఒకటి కనబడింది. 1959లో అడుగు కొలతని కొత్తగా నిర్వచించినా, సర్వే కోసం పాత అడుగునీ ఉంచుకున్నారు. అక్కడి ప్రభుత్వ సంస్థలు ఆ రెండు అడుగులతో తంటాలు పడి, చివరికి 2022 ఆఖరున పాతదానికి సెలవిచ్చాయి. హమ్మయ్య, నేనొక్కణ్ణే కాదనుకున్నాను. తర్వాత లెక్క చూస్తే వాళ్ళ తేడా పది లక్షల్లో రెండు వంతులు. నాది పొడవు మీదే వెయ్యిలో ఆరు. ఆ ఓదార్పు కూడా దక్కలేదు.

ఫైలు సరిచేయడానికి పట్టింది ఒక్క క్షణం. ఊరంతా ఎంచుకుని, స్కేలు కమాండు కొట్టి, 1.00584 టైపు చేసి ఎంటర్ నొక్కాను. పన్నెండెకరాలు తిరిగొచ్చాయి. 286 రిమార్కులు మాత్రం ఒక్కొక్కటే చెరిపాను. ఒకేసారి కొట్టేసే దారి తెలిసినా అలా చేయబుద్ధి కాలేదు.

కాయితం ఇవ్వడానికి నేనే ఆ ఊరికి వెళ్ళాను. పెద్దాయన నులకమంచం మీద కూర్చోబెట్టి మజ్జిగ ఇప్పించాడు. నాలుగు సెంట్లు పక్క చేలో కలిసిపోయాయనుకుని, గట్టు అవతలున్న పెదనాన్న కొడుకుతో మాటలు మానేశాడట. రెండు నెలలైంది. ఇంట్లో శుభకార్యానికి పిలవలేదు, వాళ్ళూ రాలేదు. దీనికి స్కేలు కమాండు లేదు.

"తప్పు నాదే తాతా" అన్నాను. కొత్త కాయితం తీసుకుని చూశాడు. 3.4000.

"ఇది నా పాత కాయితంలో ఉన్నదేగా?"

"అదేనండీ."

"మరి అప్పుడు నువ్వు కొలిచింది ఏంది?"

"కొలవలేదండీ. పాత కాయితం చూసి గీశాను."

"మా చేను చూడనే లేదా?"

లేదు. పదకొండు నెలలు ఆ ఊరిని గీశాను కానీ, ఆ ఊళ్ళో కాలు పెట్టడం అదే మొదటిసారి.

తర్వాత చాలా చూశాను. 2020 డిసెంబరు 21న జగ్గయ్యపేట దగ్గర తక్కెళ్ళపాడులో రాష్ట్రమంతటి రీసర్వే మొదలైంది. డ్రోన్లు ఎగిరాయి. రోవరు కర్ర నేలకి ఆనిస్తే ఉపగ్రహాల లెక్కతో సెంటీమీటర్లలో జాడ చెబుతుంది. నాకు ముచ్చటే. కానీ కొత్త కుర్రాడెవరైనా పాత రికార్డు తప్పని నా దగ్గరికొస్తే, నా నోట మొదట వచ్చేది బాబాయి ప్రశ్నే. తేడాలు రెండు వైపులా ఉన్నాయా, అన్నీ ఒకే వైపునా? అన్నీ ఒకే వైపునుంటే ముందు నీ కొలమానం చూసుకో.

కాయితం ఇచ్చిన ఆ రోజు పెద్దాయన నన్ను చేలోకి తీసుకెళ్ళాడు. గట్టు మూల ముళ్ళకంప పక్కకి లాగి చూపించాడు. సర్వే రాయి. సగం మట్టిలో, సగం పైన. నా తెర మీద అదొక చుక్క, ఎన్ని వందల సార్లు దాని మీద క్లిక్కు కొట్టి ఉంటానో. ఆ రాయికి గేదెను కట్టేసి ఉంది. అలా కట్టకూడదని, అది లాగితే రాయి కదులుతుందని, సర్వే రాళ్ళని కాపాడుకోవడం రైతు బాధ్యతేనని 1923 నాటి చట్టంలో ఉందని చెప్పబోయాను.

ఆగిపోయాను.