కుక్కపిల్లకు ఆటవస్తువు కొనువారికి హితోపదేశము

ఇంటికి కుక్కపిల్లను దెచ్చుకొనిన పుణ్యాత్ములు మొదటి వారములోనే గ్రహింపవలసిన సత్య మొకటి కలదు: అది వచ్చినది కాపలాకు గాదు, కొఱుకుటకు. దాని నోట మొలచిన 28 పాలపండ్లు మూడు నాలుగు నెలల ప్రాయము మొదలు ఒక్కటొక్కటిగా రాలి, ఏడవ నెల నాటికి వాని స్థానమున 42 శాశ్వతదంతములు కుదురుకొనును. ఆ నడిమి కాలమున చిగుళ్ల సలుపు నోర్వలేక అది కంటబడిన దెల్ల నమలును. అయినను శాస్త్రము నట్లుంచి, దానికి మీపై పూర్వజన్మ వైర మున్నదని నమ్ముటయే సుఖము. నొప్పియన్నచో ఉపశమనము వెదకవలసి వచ్చును, వైరమునకు కేకలు చాలును.

ఇక బొమ్మను ఎన్నుకొను విధానము. ముందుగా రంగు చూడుడు. కుక్క కంటికి నీలము, పసుపు తెలిసినట్లు ఎఱుపు, ఆకుపచ్చల భేదము తెలియదు గనుక, మీ సోఫాకు నప్పు ఎఱ్ఱని బొమ్మనే కొనుడు. ఆడునది కుక్కయైనను చూచువారు చుట్టములు గదా! దానికి గుండీల కన్నులును, నొక్కిన కీచుమను పీకయు నుండిన మఱింత శ్రేష్ఠము. పావుగంటలో కన్నులు ఊడును, అరగంటలో పొట్ట చీలి పీక బయటపడును, ఆ పిమ్మట అది ఎక్కడికి బోయినదో ఎక్స్‌రే తీసి పశువైద్యుడే చెప్పును. బంతియైనచో నోటిలో సులువుగా ఇమిడి గొంతువఱకు దొర్లిపోవునంత చిన్నది కొనుడు. దవడపండ్లను దాటి లోనికి బోజాలనంత పెద్దది కొను పిఱికివారి మాట వినవలదు.

మన్నిక విషయమున రాజీపడరాదు. బొటనవ్రేలి గోటితో గట్టిగా నొక్కినచో రవంత సొట్టపడు వస్తువే పంటికి తగినదని వైద్యు లందురు. మీరు మాత్రము సుత్తితో మోదినను చలింపని ఎండు గిట్టనో, ఎముకనో ఏరికోరి తెండు. బొమ్మ నిలుచును, పన్ను విఱుగును. మీరు డబ్బిచ్చినది బొమ్మకే గాని పంటికి గాదు. ఆదివారపు కోడికూరలోని దుమ్ములు పారవేయుట దుబారా యని తోచినచో అవియు వేయుడు. ఉడికిన యెముక సూదులవలె చీలి ఆహారనాళమున దిగబడునన్న భయము పొదుపరులకు తగదు. త్రాటిబొమ్మ పీచులుగా ఊడుచున్నను తీసివేయవలదు; మ్రింగిన దారము పేగులను చీర కుచ్చిళ్లవలె మడతలు పెట్టును.

ఇంతకంటె చౌక మార్గము పాతచెప్పు. దానిని కుక్కకిచ్చి క్రొత్తచెప్పు జోలికి రావలదని బోధింపుడు. పాత క్రొత్తల వివేకము మన సంఘసంస్కర్తలకే పూర్తిగా కుదురలేదు; మూడు నెలల పిల్లకు కుదిరి తీరును.

అమెరికాలో జో మార్ఖామ్ అను నతనికి 1970ల దశకమున ఫ్రిట్జ్ అను జర్మన్ షెపర్డు ఉండెడిది. రాళ్లు నమలి పండ్లు చెడగొట్టుకొనుచుండిన ఆ జంతువు, అతడు వోక్స్‌వ్యాగన్ వ్యాను మరమ్మతులో విప్పి పాఱవైచిన రబ్బరు భాగమును ఎంతో మక్కువతో నమలుచుండెను. అది చూచి అతడు కాంగ్ అను రబ్బరు బొమ్మను రూపొందించెను. ఎన్నుకొనినది కుక్క; మనుష్యుడు చూచెను, అంతియ. కావున మీరు పొరపాటున నైనను చూడవలదు; బొమ్మ విసరివైచి, తలుపు గడియపెట్టి, బజారునకు దయచేయుడు.

మా యింట ఈ విద్యలన్నియు ప్రయోగించి మూడు జతల చెప్పులు సమర్పించుకొనిన పిమ్మట, ఏ దుకాణమునకును పోని మా మేనత్త యొకనాడు పాత తువాలును తడిపి, ముడివేసి, ఫ్రిజ్‌లో చల్లార్చి, కుక్కపిల్ల చెంత కూర్చుండి నోటికందించెను. ఆ రాక్షసి కన్నులు మూసికొని, ఆ చల్లదనమును నమలుచు, ఆమె యొడిలోనే నిద్రించెను. కాణీ ఖర్చులేని ఈ పద్ధతిని మార్గదర్శినిలో చేర్చుట నాకు నామోషీగా నున్నది. మఱునాడు ఉదుకబోయి ముడి విప్పగా, అందులో బియ్యపు గింజంత పాలపన్ను చిక్కుకొని యుండెను. అన్ని దినములు నేను పూర్వజన్మ వైరమని యెంచినది ఆ గింజనే.